మొక్కల లెక్క తర్వాత, ముందు వాలు లెక్క చూపండి

కేంద్ర బొగ్గు మంత్రిత్వ శాఖ కార్యదర్శి గారికి, బొగ్గు కంట్రోలర్ గారికి, ఓపెన్‌కాస్టు గనుల మూసివేత ప్రణాళికలు రాసే ఇంజనీర్లకు, వాటి మీద సంతకాలు పెట్టే అధికారులకు,

అయ్యా,

ఓపెన్‌కాస్టు గనిలో, అంటే నేలను పైనుంచే తవ్వే గనిలో, పని అయిపోయాక ఆ భూమిని బాగు చేశామని చెప్పడానికి మీ దగ్గర రెండు లెక్కలున్నాయి. ఎన్ని హెక్టార్లు పూడ్చాం అనేది ఒకటి, ఎన్ని మొక్కలు నాటాం అనేది రెండోది. ఇంకో లెక్క కూడా ఉండాలి. గని రాకముందు ఆ నేల మీద పడిన వాన ఎటు పోయేది, ఇప్పుడు ఎటు పోతోంది? ఈ ఉత్తరం ఆ లెక్క గురించే.

నేను బొగ్గు గనుల్లో సర్వేయర్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. థియోడొలైట్ మోసిన రోజుల నుంచి డ్రోన్ ఎగరేసే రోజుల దాకా చూశాను. గనిలో మిగతావాళ్లు బొగ్గు చూస్తారు, సర్వేయర్ ఎత్తులు చూస్తాడు. నెలాఖరుకి ఎంత మట్టి తీశారో, ఎంత బొగ్గు తీశారో కొలిచి ఇవ్వాలి. ఆ కొలత మీదే కాంట్రాక్టరు బిల్లు. కాబట్టి తవ్విన మట్టిలో ప్రతి క్యూబిక్ మీటరుకూ లెక్క ఉంటుంది. అది చివరికి ఏ ఆకారంలో మిగలాలి అన్నదాని మీద మాత్రం ఆ పట్టింపు కనిపించదు. ఇది ఏ ఒక్క కంపెనీ మీదో ఫిర్యాదు కాదు. మూసివేత అనే పనిని మన దేశంలో కాగితం మీద రాసుకున్న తీరులోనే లోపం ఉంది. దాన్ని మార్చగలిగింది మీరు కాబట్టి మీకు రాస్తున్నాను.

మాది గోదావరి బొగ్గు బెల్టు. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు దగ్గర బొగ్గు ఆనవాళ్లు పట్టుకున్నాడు. ఆ తర్వాత దాదాపు వందేళ్లు ఇక్కడ బొగ్గంటే భూగర్భ గనే. కింద తట్టా చెమ్మస్ (గంపా పారా పని) నడుస్తుంటే పైన చేలు చేలుగానే ఉండేవి. 1970ల నడుమ ఓపెన్‌కాస్టు వచ్చింది. 2023-24లో సింగరేణి తీసిన 70 మిలియన్ టన్నుల బొగ్గులో అత్యధిక భాగం ఓపెన్‌కాస్టులదే. ఆసిఫాబాద్ వైపు నుంచి మంచిర్యాల, రామగుండం, భూపాలపల్లి, మణుగూరు, కొత్తగూడెం మీదుగా సత్తుపల్లి దాకా రండి. గనుల పక్కన కనిపించే మట్టిగుట్టలన్నీ ఈ యాభై ఏళ్లలో పుట్టినవే. కొత్తగా వచ్చినవాళ్లు వాటిని నిజం గుట్టలే అనుకుంటారు. ఇక్కడి జనం మాత్రం గుట్టనీ గోతినీ కలిపి ఒకే మాట అంటారు, బొందలగడ్డ (శ్మశానం) అని.

చూడ్డానికి బాగోలేదన్నది చిన్న సంగతి. మా నేల వాలు చాలా మెల్లనిది. సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 టోపోషీట్‌లో మైదానంలో ఇరవై మీటర్ల ఎత్తుకొక కాంటూరు గీత (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత) గీస్తారు. మా వైపు ఒక గీతకీ ఇంకో గీతకీ మధ్య కొన్నిచోట్ల కిలోమీటర్ల దూరం ఉంటుంది. ఆ మెల్లని వాలును కనిపెట్టే కాకతీయుల కాలం నుంచి తెలంగాణలో గొలుసుకట్టు చెరువులు కట్టుకున్నారు. ఎగువ కుంట నిండి మత్తడి దుంకితే ఆ నీళ్లు ఒర్రెలో (చిన్న వాగులో) పడి దిగువ కుంటకి, అక్కడి నుంచి వాగుకి, వాగు నుంచి గోదారికి. మీటరూ రెండు మీటర్ల తేడాతో నడిచే ఏర్పాటు ఇది. దాని నడుమ వంద మీటర్ల గుట్టను నిలబెట్టి, పక్కనే అంతకు మించిన లోతున గొయ్యి తవ్వితే ఏమవుతుందో చెప్పడానికి ఇంజనీరు అక్కర్లేదు. గొయ్యి చుట్టుపక్కల బావుల నీళ్లు లాగుతుంది. గుట్ట పొలాల్లోకి మట్టి దింపుతుంది. మధ్యలో ఒర్రె తెగిపోతుంది. "ఒర్రెను మళ్లించాం" అని రిపోర్టులో ఒక్క ముక్కలో రాస్తారు. మళ్లించిన ఒర్రె అంటే చాలాసార్లు ఎక్స్‌కవేటర్‌తో గీసిన తిన్నని కాలువ. దానికి వంపులుండవు, ఒడ్డున చెట్టుండదు, వేసవిలో పశువులు ఆగే మడుగు ఉండదు.

ఒక డంపును, అంటే గని మట్టి పోసిన గుట్టను, దగ్గర నుంచి చూద్దాం. మీరు ఫోటోల్లో చూసేది ఎక్కువగా వానలు వెలిసాక, పచ్చగా ఉన్నప్పుడు తీసినవి. వానల్లో చూడాలి దాన్ని.

డంపును మెట్లుమెట్లుగా పోస్తారు. ఒక మెట్టు, తర్వాత బల్లపరుపు బెంచి, మళ్లీ మెట్టు. మొత్తం మీద వాలు 28 డిగ్రీలు దాటకూడదని పర్యావరణ అనుమతుల్లో సాధారణంగా షరతు ఉంటుంది. ఆ షరతు పాటించిన డంపే అనుకోండి. మృగశిర దాటి రెండు గట్టి వానలు పడగానే బెంచి మీద నీళ్లు నిలుస్తాయి. డంపర్ టైర్లు నొక్కిన పల్లం ఏదో ఒక మూల ఉంటుంది, అక్కడ నీళ్లు అంచు తెంచుకుంటాయి. మొదట బెత్తెడు గాడి. శ్రావణం వచ్చేసరికి మనిషి దిగి నిలబడేంత. లోపల తెల్లని ఇసుకరాయి ముక్కలు, బూడిదరంగు షేలు, అక్కడక్కడ బొగ్గు నలుసులు పొరలుగా కనిపిస్తాయి. గాడి అంచున కొబ్బరిపీచు చాప చిరిగి వేలాడుతుంటుంది, దాని సందుల్లో నాటిన వెదురు మొక్క వేళ్లు గాల్లో ఉంటాయి. ఆ మట్టంతా కిందికి దిగి డంపు చుట్టూ తవ్విన గార్లాండ్ డ్రెయిన్‌ను నింపేస్తుంది. డ్రెయిన్ నిండాక నీళ్లకు పక్క పొలం తప్ప దారి లేదు. అప్పుడే నాటేసిన మడిలో జానెడు మందాన తెల్లమట్టి పేరుకుంటుంది. చవితి దాటాక డ్రెయిన్ పూడిక తీస్తారు, గాడి పూడుస్తారు, మొక్కలు మళ్లీ నాటుతారు. నాటిన మొక్కల లెక్కలో ఇవి కూడా కలుస్తాయి. అక్కడ బతికిన మొక్క ఒకటే అయినా, లెక్కలోకి రెండు వస్తాయన్నమాట.

సహజమైన గుట్ట ఇలా కోసుకుపోదు. దాని తల గుండ్రంగా ఉంటుంది, కిందికి వచ్చేకొద్దీ వాలు తగ్గుతూ తగ్గుతూ నేలలో కలిసిపోతుంది. నీళ్లు కిందికి వచ్చేకొద్దీ పోగవుతాయి, వాలు తగ్గుతుంది కాబట్టి వేగం అదుపులో ఉంటుంది. మనం పోసే డంపు దీనికి సరిగ్గా ఉల్టా. పైన చదును, కింద నిటారు. నీళ్లు ఎక్కువయ్యే చోటే వాలు ఎక్కువ. ఇది మొక్కలు సరిచేసే తప్పు కాదు. సుబాబుల్ నాటినా కానుగ నాటినా జామాయిల్ నాటినా వాలు వాలే.

అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రంలోని లా ప్లాటా బొగ్గు గనిలో బెంచీల పద్ధతి వదిలేసి వేరే దారి పట్టారు. చుట్టుపక్కల సహజంగా స్థిరపడ్డ గుట్టల వంపు, వాగుల వెడల్పు, అవి ఎంత దూరానికి ఎలా మెలికలు తిరుగుతాయి అన్నది కొలుచుకుని, గని మట్టిని ఆ కొలతలతోనే దిద్దారు. చిన్న కాలువలు పెద్దవాటిలో కలిసేలా నేలలోనే మలిచారు. దీనికి కంప్యూటర్ మోడళ్లున్నాయి, బుల్డోజర్‌లో జీపీఎస్ పెట్టి డ్రైవర్‌కి తెర మీద ఎత్తులు చూపించే ఏర్పాట్లున్నాయి. ఆ యంత్రాలు మన దగ్గర లేనివి కావు. అడిగేవాళ్లు లేరు.

అక్కడ అడిగే చట్టం ఉంది. 1972 ఫిబ్రవరిలో వెస్ట్ వర్జీనియాలోని బఫెలో క్రీక్ దగ్గర బొగ్గు కంపెనీ కట్టిన వ్యర్థాల కట్ట తెగి 125 మంది చనిపోయారు. గనులు మిగిల్చిన నేల మీద అప్పటికే ఉన్న కోపం దీంతో రెట్టింపైంది. పార్లమెంటు పంపిన బిల్లును అధ్యక్షుడు ఫోర్డ్ రెండుసార్లు ఆపేశాడు. చివరికి 1977 ఆగస్టు 3న జిమ్మీ కార్టర్ సంతకం పెట్టాడు. ఆ చట్టంలో నాకు నచ్చే మాట ఒకటే: తవ్విన నేలను సుమారుగా పాత వాలుకు తీసుకురావాలి. నిటారు గోడ నిలబడి ఉండకూడదు, మట్టికుప్ప మిగలకూడదు, గొయ్యి మిగలకూడదు. పర్మిట్ ఇచ్చేముందే కంపెనీ బాండు (హామీ సొమ్ము) కట్టాలి. పూడ్చి, వాలు దిద్ది, నీటి దారులు సరిచేశాకే అందులో 60 శాతం దాకా వెనక్కి వస్తుంది. పచ్చదనం నిలిచాక ఇంకొంత. ఆఖరి సొమ్ము కావాలంటే నాటినవి ఐదేళ్లు, వానలు తక్కువ పడే ప్రాంతాల్లో పదేళ్లు, నిలబడినట్టు చూపాలి. వరుస గమనించండి. ముందు వాలు, తర్వాత నీళ్లు, తర్వాత మొక్క.

అమెరికాను నెత్తిన పెట్టుకోమని చెప్పడం లేదు. అదే చట్టంలో ఒక మినహాయింపు ఉంది. తర్వాత పరిశ్రమకో ఇళ్లకో వ్యవసాయానికో వాడతామంటే కొండ తల కోసి చదునుగా వదిలేయొచ్చు. అప్పలాచియన్ కొండల్లో ఆ సందులోంచే కొండలకు కొండలు ఎగిరిపోయాయి, ఆ మట్టి లోయల్లో పోస్తే వందల మైళ్ల పొడవున సెలయేళ్లు పూడిపోయాయి. చదునైన ఆ శిఖరాల మీద వస్తామన్న పరిశ్రమలు చాలాచోట్ల రానేలేదు. ఇంకో పొరపాటు కూడా జరిగింది. పాత వాలు తేవాలన్న పట్టుదలతో మట్టిని బుల్డోజర్లతో తొక్కితొక్కి గట్టిపరిచారు. వాలు నిలబడింది, చెట్టు నిలబడలేదు. వేరు దిగదు కదా. 2004 నుంచి అక్కడి అటవీ నిపుణులు పై నాలుగడుగుల మట్టినైనా తొక్కకుండా వదులుగా వదలండని చెప్పి మళ్లీ అడవులు లేపుతున్నారు. వాళ్లు యాభై ఏళ్లలో నేర్చుకున్నది మనకు ఉచితంగా దొరుకుతోంది.

ఇప్పుడు మన సంగతి. 2009 ఆగస్టులో మీ మంత్రిత్వ శాఖ మూసివేత మార్గదర్శకాలు ఇచ్చింది, 2013 జనవరిలో సవరించింది, ఆ తర్వాతా మారుస్తూ వచ్చింది. మంచి పనే. అంతకుముందు తవ్వినవాడు గేటు తీసేసి పోయేవాడు. 2009 మార్గదర్శకాల ప్రకారం ఓపెన్‌కాస్టుకు ప్రాజెక్టు విస్తీర్ణంలో హెక్టారుకు 6 లక్షల రూపాయల చొప్పున, అప్పటి ధరల్లో, బొగ్గు కంట్రోలర్ పేరుతో కలిపి ఎస్క్రో ఖాతాలో (పని చేసి చూపితేనే సొమ్ము వెనక్కి వచ్చే ఖాతాలో) వేయాల్సి ఉండేది. ఏటా కొంత పెంచుతూ కట్టాల్సి ఉండేది. ఇక్కడ ఒక చిన్న భాగహారం చేస్తాను, సర్వేయర్ బుద్ధి పోదు. ఒక హెక్టారును వంద మీటర్ల లోతు తవ్వితే వచ్చేది 10 లక్షల క్యూబిక్ మీటర్లు. 6 లక్షల రూపాయల్ని దాంతో భాగిస్తే క్యూబిక్ మీటరుకు 60 పైసలు. ధర పెరిగిందనుకుని రెట్టింపు చేయండి, రూపాయి ఇరవై పైసలు. ఆ డబ్బుకు మట్టిని ఎత్తి, మోసి, పోసి, దిద్దే కాంట్రాక్టరు మీకు తెలిస్తే మాకూ చెప్పండి. నిజమే, ప్రాజెక్టు విస్తీర్ణంలో తవ్వని నేల కూడా ఉంటుంది, గని నడుస్తుండగా లోపలే పోసే మట్టి ఖర్చు ఉత్పత్తి ఖర్చులో కలిసిపోతుంది. అవన్నీ తీసేసినా, బయట పోసిన గుట్టను మళ్లీ గోతిలోకి తెచ్చే పనికి ఈ సొమ్ము ఏ మూలకూ రాదు. అసలు ఆ పని చేయించాలన్న ఉద్దేశమే ఈ అంకెలో లేదు. కంచె వేయడం, కట్టడాలు తీసేయడం, మొక్కలు నాటడం, కొన్నేళ్లు నీటి నాణ్యత చూడటం, వీటికి సరిపోయే అంకె ఇది.

గొయ్యి ఎందుకు మిగిలిందని అడిగితే వచ్చే జవాబు ఒకటుంది. బొగ్గు తీసుకెళ్లిపోయాం, దాని జాగా ఖాళీగా మిగలక తప్పదు కదా అంటారు. వినడానికి బాగుంటుంది. మా బెల్టులో ఇది తప్పు. ఒక టన్ను బొగ్గు తీయడానికి ఇక్కడ ఐదారు క్యూబిక్ మీటర్ల మట్టీ రాయీ తీయాలి. ఆరనుకుందాం. టన్ను బొగ్గు ఆక్రమించే జాగా క్యూబిక్ మీటరులో మూడింట రెండు వంతులు. మొత్తం గొయ్యి ఆరూ మూడింట రెండు. ఇక తీసిన రాయి పేలి ముక్కలయ్యాక ఉబ్బుతుంది. కుదురుకున్నాక కూడా నూటికి ఇరవై చొప్పున పెరిగిందనుకుంటే ఆరు కాస్తా ఏడు దాటుతుంది. గొయ్యి కంటే మట్టే ఎక్కువ! రాయిని బట్టి ఈ అంకెలు అటూ ఇటూ అవుతాయి, కానీ బొగ్గు వల్ల గొయ్యి మిగిలిందన్న మాట మాత్రం నిలవదు. గొయ్యి మిగిలింది దాని మట్టి బయట గుట్టగా కూర్చుంది కాబట్టి. గుట్టా గొయ్యీ రెండు సమస్యలు కావు, ఒకే మట్టి సరైన చోట లేకపోవడం.

దీనికి మీ ఇంజనీర్ల జవాబు కూడా నాకు తెలుసు, ఎందుకంటే నేనూ ఆ మీటింగుల్లో కూర్చున్నవాణ్ణే. గోదావరి లోయలో బొగ్గు పొరలు పడుకుని ఉండవు, బాగా వాలి ఉంటాయి. అంత వాలున్న అడుగు మీద మట్టి పోస్తే జారే ప్రమాదం. కింద మనుషులు, షావెళ్లు పనిచేస్తుంటాయి. ఇది సాకు కాదు, నిజమైన భయం. 2016 డిసెంబరు 29న జార్ఖండ్‌లోని లాల్‌మటియా ఓపెన్‌కాస్టులో మట్టి కూలి 23 మంది కార్మికులు చనిపోయారు. గని నడుస్తుండగా లోపల ఎంత పోయొచ్చో భద్రత చూసే తేల్చాలి, అందులో నాకు వాదం లేదు. కానీ బొగ్గు తీయడం ఆగిపోయి, కింద మనుషులెవరూ లేని రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు బయటి గుట్ట లోపలికి రావడానికి అడ్డం ఏముంది? డబ్బు. ఆ డబ్బును మొదటి టన్ను నుంచీ పక్కన పెట్టుకుంటూ వస్తే అడ్డం ఉండదు. పెట్టలేదు కాబట్టి "సాంకేతికంగా సాధ్యం కాదు" అని రాస్తున్నారు.

మొదటి కోత ఎక్కడ పెడతారన్న దాని మీద సగం సంగతి తేలిపోతుంది. బాక్స్ కట్ అనే ఆ మొదటి కోత మట్టికి లోపల జాగా ఉండదు, బయట పోయక తప్పదు. ఎక్కడ పోయాలి అన్నప్పుడు మామూలుగా చూసేది డంపర్ ఎంత తక్కువ దూరం తిరుగుతుంది, ఏ భూమి తొందరగా చేతికొస్తుంది అని. ఆ చోట ఒర్రె మొదలవుతుందా, అది ఏ కుంటకు ఎగువ, అన్న ప్రశ్న అప్పుడు రాదు. ఆ ఒక్క ప్రశ్న ముందు వేసుకుంటే ఎన్నో కుంటలు మిగిలేవి. అలాగే రెండు మూడు గనులు పక్కపక్కనే ఉన్నచోట ఒక గని గొయ్యిలోకి ఇంకో గని మట్టి పోయొచ్చు. దీనికి గనికొక ప్రణాళిక కాకుండా బెల్టుకొక ప్రణాళిక కావాలి. ఇప్పుడు గనికొక ఫైలు. పక్క ఫైలులో ఏముందో ఈ ఫైలుకు తెలియదు.

పైమట్టి గురించి ఎక్కువ చెప్పను. మార్గదర్శకాల్లో రాసే ఉంది, విడిగా తీసి విడిగా దాచాలని. కానీ పదేళ్లు ఎత్తైన కుప్పలో మగ్గిన రేగడిలో జీవం మిగలదు. తీసిన చోటు నుంచి నేరుగా, పూడ్చి దిద్దిన చోటికి వెళ్లాలి. పూడ్చి దిద్దిన చోటు లేనప్పుడు పైమట్టి దాచామని రాయడం వట్టి రాతే. జర్మనీలో రైన్ నది పక్క లిగ్నైట్ గనుల్లో తవ్విన నేలను మళ్లీ సేద్యానికి ఇచ్చేటప్పుడు రెండు మీటర్ల మందాన మెత్తటి లోయెస్ మట్టి పరుస్తారు. ఆపైన వెంటనే రైతు చేతికి ఇవ్వరు. కంపెనీయే ఏడేళ్లు సాగు చేయాలి, మొదటి ఏళ్లలో లూసర్న్ అనే పశుగ్రాసం వేసి నేలను కుదురుకోనివ్వాలి. మన దగ్గర సుప్రీంకోర్టు 2020 జనవరి 8న చెప్పింది కూడా ఇలాంటిదే. తవ్వకం అయ్యాక పశువులు మేసేలా ఆ నేల మీద మళ్లీ గడ్డి మొలిపించాలని, ఆ షరతు లీజులోనే పెట్టాలని. కొద్ది రోజుల్లోనే పర్యావరణ శాఖ ఆ మేరకు ఉత్తర్వు ఇచ్చింది. గడ్డి ఎక్కడ మొలవాలి? 28 డిగ్రీల వాలు మీద బర్రె ఎక్కి మేయదు.

ఇక చెరువుల మాట. మిగిలిన గొయ్యిని జలాశయం అంటున్నారు, పడవ షికారు బొమ్మలు కూడా వేస్తున్నారు. రామగుండం దగ్గర మేడిపల్లి గొయ్యిలో పంప్డ్ స్టోరేజీ విద్యుత్ కేంద్రం (నీళ్లను పైకి తోడి, కిందికి వదిలి కరెంటు తీసేది) పెట్టే ఆలోచన సింగరేణికి ఉంది. అలాంటి ఖచ్చితమైన అవసరం ఉన్నచోట గొయ్యిని ఉంచండి, నేను కాదనను. అన్ని గోతులకూ పవర్ ప్లాంట్లు రావు కదా. మా చెరువుకు ఒక కట్ట, ఒక తూము, ఒక మత్తడి, పశువు దిగే వాలు, బతుకమ్మ వేయడానికి ఒక రేవు ఉంటాయి. రాతిగోడల మధ్య నిలిచిన నీళ్లలో దిగిన పిల్లవాడు పైకి రాలేడు. ఒడ్డు కూడా నమ్మదగింది కాదు. జర్మనీలోని నాఖ్‌టర్‌స్టెట్‌లో పాత ఓపెన్‌కాస్టును చెరువుగా నింపుతుండగా 2009 జులై 18న ఒడ్డు జారి, ఇల్లు నీళ్లలోకి పోయి ముగ్గురు చనిపోయారు. ఒడ్డు వాలు ఎంతుండాలి, నీళ్లు ఏ మట్టం దాకా వస్తాయి, నిండితే ఎటు పొర్లుతాయి, ఈ మూడూ చెప్పని చెరువును చెరువు అనొద్దు. గోతుల్లో థర్మల్ కేంద్రాల బూడిద పోయడం గురించి కూడా ఇదే. 2021 డిసెంబరు 31 నాటి ఫ్లై యాష్ నోటిఫికేషన్ దానికి వీలిచ్చింది. బూడిదతో గొయ్యి నిండుతుంది, నిజమే. కానీ అప్పుడు బయటి గుట్ట శాశ్వతంగా బయటే ఉండిపోతుంది. చుట్టుపక్కల బావుల నీళ్లను ఎన్నేళ్లు పరీక్షిస్తారన్నది వేరే ప్రశ్న.

మేం అడుగుతున్నది పాత టోపోషీట్‌ను గీతకు గీత తిరిగి గీయమని కాదు. మట్టి ఉబ్బింది, ఆ ఎత్తు కాస్త పెరుగుతుంది, పెరగనివ్వండి. అంగుళం తేడా లేకుండా పాత ఎత్తే కావాలని పట్టుబడితే అప్పలాచియాలో లాగా నేలను తొక్కి చంపుతాం. కావలసింది పాత నీటి దారి. ఎగువన పడిన వాన ఏ కుంటకు చేరేదో ఆ కుంటకే చేరాలి, అంతే నెమ్మదిగా చేరాలి. వాలు పశువు నడిచేలా, నాగలి కాకపోయినా ట్రాక్టర్ తిరిగేలా ఉండాలి.

దీనికి ప్రతి గని ప్రణాళికలో రెండు పటాలు పక్కపక్కన పెట్టించండి. మొదటి పేలుడుకు ముందున్న నేల, చివరి డంపర్ వెళ్లాక ఉండబోయే నేల. రెండూ ఒకే స్కేలులో, మీటరుకొక కాంటూరుతో, ఒర్రెలూ కుంటలూ పేర్లతో సహా. ఇప్పటి ప్రణాళికల్లో మొదటిది వివరంగా ఉంటుంది, రెండోది ఆకుపచ్చ రంగు వేసిన మచ్చలుగా ఉంటుంది. ఆ పటాలు గ్రామ పంచాయతీ గోడ మీద తెలుగులో అంటించండి. మా ఊళ్లలో కాంటూరు చదవడం అందరికీ రాకపోవచ్చు, ఒర్రె పేరు చదవడం అందరికీ వచ్చు. పటంలో తన కుంట లేదని కనిపెట్టడానికి రైతుకు క్షణం పట్టదు.

పాత గనులకు మొదటి పటం ఎక్కడి నుంచి తెస్తామని అడగొద్దు. గ్రామ నక్షాల్లో ఒర్రెలున్నాయి, టోపోషీట్లున్నాయి. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ స్పేస్ షటిల్ రాడార్‌తో కొలిచిన భూమి ఎత్తులు ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు. 2005లో ఇస్రో పంపిన కార్టోశాట్-1 చిత్రాలతో తయారైన ఎత్తుల నమూనా హైదరాబాదులోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ వారి భువన్ వెబ్‌సైట్‌లో ఉంది. కోల్ ఇండియా గనుల్లో పునరుద్ధరణను ఇప్పటికే ఉపగ్రహ చిత్రాలతో చూస్తున్నారు, పూడ్చింది ఎంత, మొక్కలు నాటింది ఎంత అని రంగులు వేసి రిపోర్టులిస్తున్నారు. పైనుంచి తీసిన చిత్రంలో పచ్చదనం కనిపిస్తుంది, గాడి కనిపించదు, వాలు కనిపించదు. అదే రిపోర్టులో ఎత్తుల తేడా పటం ఒకటి కలపండి. నిరుటికీ ఈ ఏడాదికీ గుట్ట ఎంత తగ్గింది, గొయ్యి ఎంత నిండింది అని. గనుల్లో డ్రోన్ సర్వే ఎలాగూ చేస్తున్నారు, కొత్తగా ఖర్చయ్యేది పెద్దగా లేదు.

ఎస్క్రో సొమ్ము విడుదలను ఈ పటాలకు ముడిపెట్టండి. ముందు వాలు దిద్దినందుకు ఒక వాటా, రెండు వానాకాలాలు గడిచాక గాడి పడకుండా నీళ్లు పాత దారిలో పారినందుకు ఇంకో వాటా, ఆ తర్వాతే పచ్చదనానికి. హెక్టారు లెక్కన కాకుండా ఎన్ని క్యూబిక్ మీటర్ల మట్టి బయట ఉందో ఆ లెక్కన సొమ్ము జమ చేయించండి. అప్పుడు బయట పోసిన ప్రతి డంపర్ లోడుకూ కంపెనీ ఖాతాలో బరువు పడుతుంది. బయట పోయడం ఎంత తగ్గించాలో మీరు చెప్పక్కర్లేకుండానే వాళ్ల ఫైనాన్స్ వాళ్లు చెబుతారు.

పాత వాలుకు వచ్చిన నేల ఎవరికి వెళ్తుందన్నది కూడా అదే ప్రణాళికలో రాయాలి. 1957 నాటి బొగ్గు భూముల చట్టం కింద తీసుకున్న భూమి తవ్వేశాక ఏం చేయాలన్న దానికి 2022 ఏప్రిల్‌లో కేంద్ర కేబినెట్ ఒక విధానం తెచ్చింది. అందులో ఎక్కువగా ఉన్నది బొగ్గు, విద్యుత్ అవసరాల కోసం లీజుకివ్వడం గురించే. పశువుల బీడు, కుంట శిఖం (కుంట అడుగు భూమి), ఒర్రె ఒడ్డు, ఇవి ఊరి ఉమ్మడివి. మణుగూరు, ఇల్లెందు వైపు గూడేల్లో అయితే బతుకే వాటి మీద. ఉమ్మడి నేలంతా ఉమ్మడిగానే గ్రామసభకు తిరిగి రావాలి. ఆ మాట గని తెరిచేనాడే రాసి ఉండాలి, మూసేనాడు అడిగితే అప్పటికి అడిగేవాళ్లు ఊళ్లో మిగలరు.

తనిఖీలకు వచ్చే అధికారులకు ఒక చిన్న విన్నపం. కార్తీకంలో, చలికాలంలో రాకండి. అప్పటికి అన్నీ సర్దేసి ఉంటాయి. ఆషాఢ శ్రావణాల్లో, వాన పడుతుండగా రండి, గెస్ట్ హౌస్ నుంచి వ్యూ పాయింట్‌కి కాకుండా డంపు కింది పొలాల గట్ల వెంట నడవండి. గమ్‌బూట్లు తెచ్చుకోండి.

బెల్టులో వచ్చే కొన్నేళ్లలో బొగ్గు అయిపోయే ఓపెన్‌కాస్టులు ఉన్నాయి. వాటిలో ఒక్కదాన్ని ఎంచుకుని పైన చెప్పిన రెండు పటాలు ఈ వానాకాలం లోపు జనం ముందు పెట్టించండి. ఆ గని కింద ఉన్న ఊళ్ల సర్పంచులను, రిటైరైన మాలాంటి సర్వేయర్లను పిలవండి. ఒర్రెల పేర్లు మేం చెబుతాం, పటం మీద చేర్చుకోండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ గని సర్వేయర్,
గోదావరి బొగ్గు బెల్టు